నల్లబల్ల దాకా ఎవరు వస్తున్నారు?

గత ఏడాది సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పోర్ట్ బ్లెయిర్ శివారులో ఒక ప్రభుత్వ బడిలో, రెండో తరగతి వెనక బెంచీ పక్కన నేల మీద కూర్చున్నాను. బోర్డు మీద 13 − 9 అని రాసి ఉంది. టీచర్ హిందీలో అడుగుతోంది. ముందు బెంచీల్లో చేతులు లేచాయి. నా పక్కనున్న పాప చెయ్యి ఎత్తలేదు, నోట్‌బుక్కులో ఏమీ రాయలేదు. కానీ పెదాలు కదులుతున్నాయి. కాస్త వంగి విన్నాను. "పదిలో తొమ్మిది పోతే ఒకటి. ఒకటీ మూడూ నాలుగు" అంటోంది, తెలుగులో, తనలో తాను.

పీరియడ్ అయిపోయేసరికి బోర్డు మీద రెండు పద్ధతులు మిగిలాయి. ఒకటి, పదమూడు గీతలు గీసి తొమ్మిది కొట్టేయడం. రెండోది, వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టడం. ఆ పాప చేసిన పద్ధతి బోర్డు మీదికి రాలేదు. నిజానికి ఆ పాఠం చేరుకోవాల్సిన చోటు అదే. పదిని విడగొట్టి తీసివేయడం వచ్చిన పిల్లలకు ముందు ముందు 42లో 38 తీయడం కష్టమనిపించదు. క్లాసులో అందరికన్నా ముందు అక్కడికి చేరిన పిల్ల గురించి టీచర్ నాతో అన్న మాట వేరు. "తను మాట్లాడదు, లెక్కల్లో వీక్."

ఆ టీచర్ చెడ్డ మనిషి కాదు. నాలుగైదు ఇంటి భాషల పిల్లలున్న తరగతిలో రోజంతా నిలబడి చెప్పే మనిషి. ఆమె ఇంటి భాష బెంగాలీ. నల్లబల్ల దగ్గర నిలబడితే వెనక బెంచీ గుసగుస ఎవరికీ వినపడదు. అది తెలుగైతే, తెలుగు రాని టీచర్‌కు దగ్గరికి వచ్చినా వినపడదు. నేను అక్కడ ఉన్నాను కాబట్టి, నాది తెలుగు కాబట్టి విన్నాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ చిన్న సంగతి చుట్టూనే తిరుగుతుంది. పిల్లల ఆలోచన వినపడాలంటే తరగతి గదిలో ఇంకొక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఎవరు, ఏ హోదాలో, ఎవరి పక్కన కూర్చుంటారు అన్నది మనలాంటి వాళ్లకు ప్రాణం లాంటి ప్రశ్న.

నేను గణిత విద్యలో పరిశోధక విద్యార్థిని. పుట్టింది జంగ్లీఘాట్‌లో. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి కూలి పనికి ఓడెక్కి వచ్చాడు. మా నాన్న ఏళ్ల తరబడి డీఆర్ఎం, అంటే రోజుకూలీ మజ్దూర్‌గా చేశాడు. మాది మాల కుటుంబం. బడిలో నన్ను నల్లబల్ల తుడవమని, డస్టర్ దులిపి తెమ్మని పిలిచిన రోజులు లెక్కలేనన్ని. లెక్క చేయమని పిలిచిన రోజులు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులొస్తే, ఒక మాస్టారు నా పేపరు మళ్లీ తిరగేసి చూశారు. అప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. కోపం రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ బడికి నేను వెళ్లింది తనిఖీకి కాదు. తెలిసిన ఇద్దరు టీచర్లు, నేను కలిసి ఆ పాఠాన్ని అంతకుముందు వారం తయారు చేసుకున్నాం. ఒకరు చెప్పాలి, మిగతా ఇద్దరం పిల్లల్ని గమనించాలి, సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవాలి అనుకున్నాం. ఇది నా థీసిస్ డేటా కాదు. లెసన్ స్టడీ అని పేరున్న పద్ధతిని మా ఊళ్లో ఒకసారి చేసి చూద్దామన్న ప్రయత్నం, అంతే.

లెసన్ స్టడీని జపనీస్‌లో జుగ్యో కెన్క్యూ అంటారు. జుగ్యో అంటే పాఠం, కెన్క్యూ అంటే పరిశోధన. జపాన్ 1872లో దేశమంతటికీ ఆధునిక విద్యా చట్టం తెచ్చింది, అదే ఏడాది టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల పెట్టింది. ఒకరి పాఠాన్ని ఇంకొకరు చూసి చర్చించే అలవాటు ఆ మెయిజీ కాలంలో మొదలై, నూరేళ్లు దాటి అక్కడి బడుల్లో మామూలు పనైపోయింది. బయటి ప్రపంచానికి ఇది గట్టిగా తెలిసింది 1999లో, జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ రాసిన 'ద టీచింగ్ గ్యాప్' పుస్తకంతో. జర్మనీ, జపాన్, అమెరికాల్లో ఎనిమిదో తరగతి లెక్కల పాఠాలు 231 వీడియో తీసి పోల్చిన అధ్యయనం ఆ పుస్తకానికి ఆధారం. ఆ తర్వాత అమెరికా నుంచి ఇండోనేషియా, జాంబియా దాకా చాలా దేశాలు దీన్ని ప్రయత్నించాయి.

పద్ధతి చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కొందరు టీచర్లు ఒక జట్టుగా కూర్చుంటారు. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ఒక చోటు ఎంచుకుంటారు. పాఠ్యపుస్తకం ఆ విషయాన్ని ఎలా పరిచయం చేసిందో, ముందు తరగతుల్లో ఏం చెప్పిందో, తర్వాత ఎక్కడికి తీసుకెళ్తుందో చదువుతారు. ఒక్క పాఠం రాస్తారు. ఏ లెక్క ఇస్తే పిల్లలు ఎన్ని రకాలుగా ఆలోచిస్తారో ముందే ఊహించి పక్కన రాసుకుంటారు. ఒకరు ఆ పాఠం చెప్తారు, మిగిలిన వాళ్లు గదిలో నిలబడి గమనిస్తారు. గమనించే వాళ్లు పాఠంలో వేలు పెట్టకూడదు, పిల్లలకు జవాబు చెప్పకూడదు. తర్వాత చర్చ. పాఠం చెప్పినవారే ముందు మాట్లాడతారు. మిగతావాళ్లు తాము చూసిన పిల్లల గురించి చెప్తారు: ఫలానా పాప ఏం రాసింది, ఏం చెరిపేసింది, ఎక్కడ ఆగిపోయింది. ఆపై పాఠం మారుస్తారు, వీలైతే ఇంకో సెక్షన్‌లో మళ్లీ చెప్తారు.

ఈ పద్ధతి గురించి చదివేటప్పుడు నన్ను ఆపేసింది అంకెల ఎంపిక. ఒకటో తరగతి తీసివేతకు 12 − 3 ఇవ్వాలా, 13 − 9 ఇవ్వాలా అని టీచర్లు గంటల తరబడి వాదించుకుంటారు. 12 − 3 ఇస్తే పిల్లలు మూడు వేళ్లు ముడిచి వెనక్కి లెక్కపెట్టేస్తారు, పదిని విడగొట్టే అవసరం రాదు. 13 − 9 ఇస్తే తొమ్మిది వేళ్లు వెనక్కి వెళ్లడం విసుగు. తొమ్మిది పదికి దగ్గర కాబట్టి, పదిలోంచి తీసేసి మిగిలిన ఒకటికి మూడు కలపడం పిల్లలకే తోస్తుంది. అంకె మారితే ఆలోచన మారుతుంది. ఇది ఏ శిక్షణ పవర్‌పాయింట్‌లోనూ కనపడని జ్ఞానం. పిల్లల దగ్గర కూర్చుని చూసిన టీచర్ల దగ్గరే ఉంటుంది.

మన దగ్గర దీనికి పోలికైనవి లేవా అంటే ఉన్నాయి. బీఎడ్ చేసిన వాళ్లందరికీ క్రిటిసిజం లెసన్ గుర్తుంటుంది. తోటి ఛాత్రోపాధ్యాయులు వెనక కూర్చుని తప్పులు రాసేవాళ్లు. బోర్డు రైటింగ్ బాగాలేదు, గొంతు వినపడలేదు, మోటివేషన్ చాలలేదు. పిల్లలకు ఏం అర్థమైందో ఆ కాగితంలో ఒక్క గడి కూడా ఉండేది కాదు. కొఠారీ కమిషన్ 1964-66లో చెప్పిన స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన ఆంధ్ర, తెలంగాణల్లో కాంప్లెక్స్ మీటింగులుగా నడుస్తోంది. కానీ అక్కడ చాలాసార్లు సర్క్యులర్లు చదవడం, ఫార్మాట్లు నింపడం, మధ్యలో ఒక మోడల్ లెసన్. 1980ల్లో బ్రిటిష్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఏపీపెప్ పథకం టీచర్ సెంటర్లు పెట్టింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, టీచర్లే కృత్యాలు తయారు చేయాలి అన్నది. పాత తరం టీచర్లు ఆ రోజుల గురించి ఇష్టంగానే చెప్తారు. పథకం డబ్బు ఆగాక దాన్ని మోయాల్సిన వ్యవస్థ మోయలేదు. అంటే టీచర్లు కలిసి కూర్చోవడం మనకు కొత్త కాదు. పిల్లల ఆలోచనను మధ్యలో పెట్టుకుని కూర్చోవడమే అలవాటు కాలేదు.

ఇక అండమాన్ సంగతి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 13 శాతానికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళం, తెలుగు మాధ్యమాలున్నాయి. అయినా తెలుగు పిల్లలందరూ తెలుగు మాధ్యమంలో లేరు. ఇంట్లో తెలుగు, ఆటలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు అన్నది నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దీవుల్లో బడులు ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి దక్షిణాన క్యాంప్‌బెల్ బే దాకా విసిరేసినట్టు ఉంటాయి. చిన్న బడిలో లెక్కలు చెప్పేది ఒక్కరే కావచ్చు. శిక్షణ అంటే ఆ ఒక్కరూ ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ రావాలి. వాతావరణం బాగోకపోతే తిరుగు ఓడ కోసం ఆగాలి. ఆ రోజులన్నీ తరగతికి టీచర్ ఉండరు. తిరిగొచ్చాక తను నేర్చుకున్నది మాట్లాడుకోవడానికి పక్కన ఇంకో లెక్కల టీచర్ ఉండరు.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచర్‌కూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది. గంటలు నింపడానికి సులువైన దారి ఆన్‌లైన్ కోర్సు. వీడియో చూడటం, క్విజ్ నొక్కడం, సర్టిఫికెట్ దించుకోవడం. ఓడ ఖర్చు లేదు కాబట్టి దీవులకు అది బాగుందని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ ఆ వీడియోకు వెనక బెంచీ పాప గుసగుస తెలియదు.

ఇక్కడే కులం మాట రావాలి. అండమాన్‌లో కులం లేదు అన్న మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఖైదీల వారసులు కలిసిపోయారని, ఇది మినీ ఇండియా అని అంటారు. కలిసిపోయిన కుటుంబాలు నిజంగానే ఉన్నాయి, కాదనను. కానీ తర్వాత ఓడల మీద వచ్చిన మాతో పాటు మా కులమూ వచ్చింది. పెళ్లి సంబంధాల్లో ఉంది, ఎవరు ఎవరి ఇంట్లో తింటారన్న దాంట్లో ఉంది, వాడలో ఉంది. లేనిది ఒక్క కాగితం మీదే. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. 341 అధికరణం కింద రాష్ట్రాల వారీగా వచ్చే నోటిఫికేషన్ ఇక్కడ ఏ కులాన్నీ గుర్తించలేదు. అందుకే జనగణనలో ఇక్కడి ఎస్సీల సంఖ్య సున్నా.

శ్రీకాకుళంలో ఎస్సీ అయిన మనిషి ఓడ దిగగానే ఎస్సీ కాకుండా పోతాడు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన చోటికి వెంట రాదు. ఆ కేసు వేసింది కూడా తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన తెలుగు విద్యార్థే. మా కన్నా ముందు ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనులకు తెచ్చిన ఉరావ్, ముండా, ఖరియా ఆదివాసీలది ఇంకా పెద్ద అన్యాయం. రాంచీవాళ్లు అని పిలిపించుకునే ఆ జనం పుట్టిన చోట ఎస్టీలు, అండమాన్‌లో కారు. ఇక్కడి ఎస్టీ జాబితాలో ఉన్నవి ఆరే: అండమానీలు, జరావాలు, ఓంగీలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్‌లు.

బడికి దీనితో ఏం పని? చాలా ఉంది. మిగతా రాష్ట్రాల్లో ఏ పిల్లలు వెనకబడుతున్నారో అరకొరగానైనా లెక్కలు చెప్తాయి. జాతీయ సాధన సర్వేలు ఫలితాలను సామాజిక వర్గాల వారీగా విడగొడతాయి. గడే లేని చోట తేడా నమోదు కాదు. దళిత పిల్లలు లెక్కల్లో ఎక్కడ ఆగిపోతున్నారో అండమాన్‌లో ఏ రిపోర్టూ చెప్పలేదు. అలాంటి చోట ఒక పిల్లకు ఏం జరుగుతోందో తెలిసే దారి పక్కన కూర్చుని చూడటం ఒక్కటే. లెసన్ స్టడీని వృత్తి వికాస పద్ధతిగా మాత్రమే చూసేవాళ్లకు ఇది తట్టకపోవచ్చు. నాకు మాత్రం ఇది లెక్కకు రాని వాళ్లను చూసే పద్ధతి.

ఆ సాయంత్రం మా చర్చ ఎలా సాగిందో చెప్తాను. పాఠం చెప్పిన టీచర్ ముందు మాట్లాడింది. పదిని విడగొట్టే పద్ధతి పిల్లల నుంచి రాలేదని, తానే చెప్పేస్తే బాగుండేదని అంది. అప్పుడు నేను విన్నది చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "నాకు వినపడలేదు" అంది చివరికి. రెండో టీచర్‌ది తెలుగు ఇల్లే. ఆయన ఒక మాట అడిగారు: ఆ పాపకే ఎందుకు తట్టింది?

అక్కడి నుంచి మాట అంకెల పేర్ల మీదికి మళ్లింది. తెలుగులో పదమూడు అంటే పది, మూడు చెవికి వినపడతాయి. తమిళంలోనూ అంతే. జపనీస్‌లో అయితే పదకొండు నుంచే పది-ఒకటి, పది-రెండు అని సాఫీగా పోతాయి. హిందీలో తేరహ్, బెంగాలీలో తేరో. వాటిలో పది దాక్కుంది. ఇంగ్లీషులో థర్టీన్ అన్నా థర్టీ అన్నా చిన్నపిల్లల చెవికి ఒకేలా ఉంటుంది. ఇక హిందీలో ఉన్‌తీస్, ఉన్‌తాలీస్, ఉన్‌చాస్ ఉన్నాయి. 29, 39, 49లను ముప్పైకి ఒకటి తక్కువ, నలభైకి ఒకటి తక్కువ, యాభైకి ఒకటి తక్కువ అని చెప్పే పేర్లవి. తెలుగు పిల్లలకు అది తలకిందుల దారి. మన భాష అన్నిచోట్లా సాఫీ అని కాదు. పన్నెండులో, పంతొమ్మిదిలో మనకూ పది సగం మింగుడు పడిపోయింది. కానీ 13 − 9 దగ్గర ఆ పాపకు ఇంటి భాషే సగం లెక్క చేసి పెట్టింది. టీచర్ హిందీలో అడిగిన ప్రశ్నను తెలుగులోకి తిప్పుకుని, అక్కడ లెక్క చేసి, జవాబును మళ్లీ హిందీలోకి తేలేక ఆగిపోయింది. వీక్ అని మనం పేరు పెట్టింది ఆ ఆగిపోవడానికే.

మా నాయనమ్మ గుడ్లు, ఎండుచేపలు పుంజీల్లో లెక్కపెట్టేది. పుంజీ అంటే నాలుగు. పదమూడు పుంజీలు ఎంతో ఆమెను అడిగితే తడుముకోకుండా చెప్పేది. ముప్పావు అన్న మాటలో మూడు పావులు ఉన్నాయని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నికోబార్ వాళ్లు కొబ్బరికాయలను జతలుగా, ఇరవైలుగా లెక్కిస్తారని బ్రిటిష్ అధికారి ఈ.హెచ్. మాన్ 19వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ఈ లెక్కలన్నీ ఆ తరగతి గదిలో పిల్లల నోళ్లలో, ఇళ్లలో ఉన్నాయి. ఒక్క టీచర్‌కు అన్నీ తెలియడం కుదరదు. నాలుగు భాషల టీచర్లు ఒక పాఠం చుట్టూ కూర్చుంటే కుదురుతుంది. అండమాన్ స్టాఫ్‌రూములో ఆ నాలుగు భాషలూ ఇప్పటికే ఉన్నాయి. టీ తాగేటప్పుడు మాట్లాడుకుంటున్నాయి, పాఠం రాసేటప్పుడు మాత్రం మాట్లాడుకోవడం లేదు.

బాబాసాహెబ్ జీవితంలో ఒక ఘట్టం మనందరికీ తెలుసు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో టీచర్ ఆయన్ని లెక్క చేయమని నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. సవర్ణ పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు నల్లబల్ల వెనక పెట్టుకునేవాళ్లు. భీమ్ అక్కడికి చేరేలోగా వాళ్లు పరుగెత్తుకెళ్లి డబ్బాలు పక్కకు లాగేశారు. ఈ కథను మనం అంటరానితనం గురించిన కథగా చెప్పుకుంటాం. అది లెక్కల క్లాసు కథ కూడా. నల్లబల్ల దాకా నడిచిన ఆ కొద్ది అడుగుల్లో ఒక పిల్లవాడి ఆలోచన అందరి ముందుకు వస్తోంది. దాన్ని ఆపడానికే ఆ పరుగు. ఇప్పుడు డబ్బాలు ఎవరూ లాగడం లేదు. పిలవకపోతే సరిపోతుంది.

కొలంబియాలో ఆయనకు పాఠాలు చెప్పిన జాన్ డ్యూయీ ప్రజాస్వామ్యాన్ని కలిసి బతికే పద్ధతిగా చూశాడు. బాబాసాహెబ్ ఆ ఆలోచనను తీసుకుని కులం మీద పెట్టి చూశారు. మెట్లు మెట్లుగా విడిపోయిన మనుషుల మధ్య అనుభవం పంచుకోవడం ఉండదు, అది లేనిచోట ప్రజాస్వామ్యం ఉండదు అన్నారు. స్టాఫ్‌రూమును కూడా ఆ కొలతతోనే కొలవాలి. అందుకే లెసన్ స్టడీని నేను గుడ్డిగా సమర్థించడం లేదు.

తరగతి తలుపు తెరవడం అందరికీ ఒకేలా ఉండదు. పర్మనెంట్ సీనియర్ టీచర్ పాఠాన్ని పదిమంది చూస్తే గౌరవం. కాంట్రాక్టు మీద ఉన్న దళిత యువతి పాఠాన్ని అదే పదిమంది చూస్తే తనిఖీ. కోటాలో వచ్చింది, సబ్జెక్టు రాదు అన్న మాట నోటి చివర పెట్టుకున్నవాళ్ల ముందు ఎవరు తడబడే సాహసం చేస్తారు? తడబడే స్వేచ్ఛ లేకపోతే పాఠాన్ని ముందే పిల్లలతో రిహార్సల్ చేయించి ప్రదర్శన ఇస్తారు. అప్పుడది మోడల్ లెసన్ అవుతుంది, మనం మొదలుపెట్టిన చోటికే వస్తాం. జపాన్‌లో చర్చ చివర మాట్లాడే అనుభవజ్ఞుడి పాత్ర ఒకటుంటుంది. మన దేశంలో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఎవరిని జ్ఞానవంతులు అనుకుంటామో మనకు తెలియనిది కాదు. జపాన్ కూడా సమానత్వానికి స్వర్గం కాదు. 1871లో చట్టం రద్దు చేసిన అంటరానితనాన్ని బురాకుమిన్ ప్రజలు ఆ తర్వాతా మోశారు. 1922లో వాళ్లు తమ సొంత విముక్తి సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. పద్ధతి తనంతట తాను న్యాయం చేయదు. దాని నియమాలు ఎవరు రాస్తారన్నదే తేలుస్తుంది.

రెండు అభ్యంతరాలు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, సిలబస్ పూర్తి చేయడానికే టైము లేదు, ఒక్క పాఠానికి రెండు వారాలా అని. సంవత్సరమంతా ప్రతి పాఠమూ ఇలా చేయమని ఎవరూ అనడం లేదు. ఏడాదికి రెండో మూడో చాలు. ఆ రెండు పాఠాల్లో అలవాటైన చూపు మిగతా పాఠాల్లోనూ ఉంటుంది. రెండోది, టీచర్ పోస్టులే ఖాళీగా ఉంటే ఈ విలాసం ఎందుకని. ఇది నిజమైన అభ్యంతరం. లెసన్ స్టడీ ఖాళీలు నింపదు, కాంట్రాక్టు జీతాలు పెంచదు. ఆ పోరాటం వేరుగా చేయాల్సిందే. కానీ పోస్టులు నిండే దాకా వెనక బెంచీ పిల్లలు ఆగరు, పై తరగతికి వెళ్లిపోతారు.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. 50 గంటల్లో కనీసం సగం, టీచర్లు తమ బడిలోనో దగ్గరి బడిలోనో కలిసి పాఠం తయారు చేసి, చూసి, చర్చించుకునే గంటలుగా లెక్కించాలి. ఒక్కరే టీచర్ ఉన్న దీవి బడులకు చర్చ ఫోన్‌లోనైనా జరగనివ్వాలి, ఏడాదికి ఒకసారి ఓడ ఖర్చు ఇచ్చి కలవనివ్వాలి. జట్టులో కనీసం రెండు భాషలవాళ్లు ఉండాలి. పరిశీలకులు పిల్లల ఇంటి భాషను బట్టి వాళ్ల పక్కన కూర్చోవాలి. నికోబార్‌లో ఈ జట్లను నికోబారీ టీచర్లే నడపాలి. గారచర్మలోని డైట్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లోని టాగోర్ ప్రభుత్వ విద్యా కళాశాలలో చదివే ఛాత్రోపాధ్యాయులకు క్రిటిసిజం లెసన్ కాగితానికి బదులు ఒక పిల్లను పీరియడ్ అంతా గమనించి రాసే పని ఇవ్వాలి. పాఠం జట్టుది, చెప్పినవారిది కాదు అన్నది రాతపూర్వక నియమంగా ఉండాలి. చర్చలో వచ్చిన ఏ మాటా సర్వీసు రికార్డులోకి, కాంట్రాక్టు రెన్యువల్ ఫైలులోకి పోకూడదు.

పరిశీలన కాగితం మీద నాలుగు ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి. నల్లబల్ల దాకా ఎవరు వచ్చారు? ఎవరు అస్సలు రాలేదు? ఎవరి పద్ధతికి పేరు పెట్టి బోర్డు మీద రాశాం? ఏ భాషలో చేసిన ఆలోచన మనకు వినపడకుండా పోయింది? దీనికి కుల ధ్రువపత్రం అక్కర్లేదు. వరసగా మూడు పాఠాలకు ఈ కాగితాలు పక్కపక్కన పెడితే, జాబితా లేని చోట కూడా ఏ వాడ పిల్లలు రావడం లేదో అక్కడి టీచర్లకు అర్థమవుతుంది. అర్థమైన తర్వాత తెలియదని అనడం కుదరదు.

ఇది చదువుతున్న పరిశోధక విద్యార్థులకు, అధ్యాపకులకు ఒక మాట. బహుజన పిల్లలు లెక్కల్లో ఎందుకు వెనకబడుతున్నారని మనం ఎన్నో పేపర్లు రాశాం. వాటిలో ఎక్కువ భాగం మార్కుల పట్టికల నుంచి రాసినవే. నావీ అంతే. ఒక్క పీరియడ్ ఒక్క పిల్ల పక్కన నోరు మూసుకుని కూర్చుని, ఏం రాసింది, ఏం అంది, ఎప్పుడు చెయ్యి ఎత్తబోయి దించేసింది అని రాసి చూడండి. మీరున్న ఊళ్లో ఒక బడి ఉంటుంది, తెలిసిన టీచర్ ఒకరుంటారు. అనుమతి అడగండి. పాఠం మీరు కూడా కలిసి తయారు చేయండి, బయట నిలబడి తీర్పు చెప్పొద్దు.

మర్నాడు ఆ టీచర్ పాత లెక్కనే మళ్లీ బోర్డు మీద రాసింది. ఈసారి, మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే చెప్పండి అంది. పాపను పేరు పెట్టి పిలిచింది. పాప లేవడానికి కొంత టైము పట్టింది. బోర్డు దగ్గరికి వచ్చి 10 − 9 = 1 అని, దాని కింద 1 + 3 = 4 అని రాసింది. తెలుగులోనే చెప్పింది. రెండో టీచర్ దాన్ని హిందీలో అందరికీ చెప్పారు. టీచర్ ఆ పద్ధతి పక్కన పాప పేరు రాసింది. గంట కొట్టాక బోర్డు తుడవడానికి ఒక పిల్లవాడు వస్తే, ఈ ఒక్కరోజు ఉంచరా అంది.

జై భీమ్.